నల్లా వచ్చే వేళ

వారాసిగూడలో రోజు విడిచి రోజు
తెల్లారకముందే నాలుగున్నరకి నల్లా వస్తుంది.
ముందు గొట్టం దగ్గుతుంది,
తర్వాత తుప్పు రంగు చెంబెడు,
ఆ తర్వాతే మంజీరా.

మొన్నటిదాకా ఈ అరగంటా
ఫోను వెలుగులో ముఖం కడుక్కునేదాన్ని.
బిందె పొర్లి, మెట్లు దిగి,
కింది పోర్షన్ మొగులమ్మ తిట్టేదాకా
నేనిక్కడ ఉండేదాన్ని కాదు.
ఈఎంఐ తేదీలో ఉండేదాన్ని,
మేనేజరు విసిరిన ఒక్క మాటలో
పదకొండోసారి ఉండేదాన్ని.

నిద్ర పట్టట్లేదంటే
ఎర్రగడ్డ డాక్టరమ్మ మాత్రలు రాసి
చీటీ మడిచిస్తూ అంది:
"నీళ్లు పట్టేటప్పుడు నీళ్లే పట్టమ్మా."
ఇందుకా రెండు బస్సులు మారి వచ్చానని
నవ్వుకున్నా.

ఇవాళ కరెంటు లేదు. ఫోను చచ్చింది.
చీకట్లో బిందె ఒక్కటే మాట్లాడింది.
అడుగున డణడణ,
నడుము దగ్గర బుడబుడ,
మెడకొచ్చేసరికి గొంతు సన్నబడి, ఇంకా సన్నబడి
ఈల కాబోతుండగా

కట్టేశాను.
చుక్క పొర్లలేదు.

మూడో బిందెకి ఐదో తేదీ గుర్తొచ్చింది.
రానీ అనుకున్నా.
వచ్చింది, కాసేపు నిలబడింది,
బిందె నిండే చప్పుడులో ఎటు పోయిందో.

కింద కిటికీ తెరుచుకుంది.
"ఏమైందే, ఇయ్యాల నల్లా రాలేదా?"