ఖాళీ సీసా

సొహార్‌లో రాత్రి షిఫ్టు.
మంటకు నీళ్లు తాగించడం నా ఉద్యోగం.

ఆర్గాన్ మంట. గాజు గొట్టం కొసన
బొటనవేలంత తెల్లటి వెలుగు.
ఏడెనిమిది వేల డిగ్రీల దగ్గర
ఏ లోహమూ గుట్టు దాచుకోదు,
తన రంగు తానే కక్కేస్తుంది.
సోడియం పిలవకుండానే వస్తుంది, పసుప్పచ్చగా,
పక్కనే సముద్రం కదా.
మిగతా వాటివి కంటికానని రంగులు,
నాకు అంకెలై కనబడతాయి:
రాగి మూడువందల ఇరవై నాలుగు దగ్గర,
నికెల్ రెండువందల ముప్ఫయ్యొకటి దగ్గర.
సీసాలో సీసముందా అని వెతికేదాన్ని నేను.

నీళ్లు తెచ్చేది బుచ్చిలింగం,
నాలుగో కాలువ సముద్రంలో కలిసేచోటు నుంచి,
యాసిడ్ చుక్కలు వేసి, మూత బిగించి, ఐసు పెట్టెలో.
ఆ పక్కనే ఇసుకలో కవళ్లు ఎండబెడతారట.

మొన్న ఖాళీ సీసా మాట్లాడింది.
శుద్ధమైన నీళ్లే పోసి
కాలువదాకా తిప్పి తెచ్చిన సీసా.
అందులో ఏమీ ఉండకూడదు.
రాగి ఉంది.
వంద కోట్ల పాళ్లలో తొమ్మిది పాళ్లు.

వెతగ్గా వెతగ్గా, అతని చూపుడువేలు.
రాగి ఉంగరం, చెమటకి చిలుం పట్టి.
"గ్లవ్స్‌ల చెయ్యి నానుతది మేడం,
మూతలొక్కటి ఉత్త చేత్తోని తిప్పిన.
కీళ్లనొప్పులకు మంచిదంటే
కోరుట్ల సంతల కొన్న."

మేనేజరు ముఖం వెలిగింది.
"అయితే నికెల్ కూడా ఉంగరానిదే!
ఆ కాగితం చించెయ్.
వానలు పడ్డాక మళ్లీ తెప్పిద్దాం."
సొహార్‌లో, వానలు.

ఉంగరం ఓ పట్టాన రాలేదు.
సబ్బు నురగ పెట్టి, పళ్లు బిగించి లాగాం.
వేలిమీద తెల్లటి గాడి, పదకొండేళ్ల లోతు.
ఉంగరం కడిగిన యాసిడ్‌ను మంటకు పట్టాను.

రాగి. రాగే. కాస్త తగరం.
రెండువందల ముప్ఫయ్యొకటి దగ్గర గీత
మిట్టమధ్యాహ్నపు కుక్కలా
పడుకున్నచోటు నుంచి కదల్లేదు.

మర్నాడు గ్లవ్స్ తొడిగిన బోసివేలితో
అతనే తెచ్చిన కొత్త సీసాలు:
ఖాళీదాంట్లో ఏమీ లేదు.
కాలువదాంట్లో నికెల్,
నిన్నటంతే, హద్దుకి మూడింతలు.

"గిప్పుడు నేను తప్పిచ్చుకున్ననా మేడం?"

నువ్వు తప్పించుకున్నావు లింగం.
కవళ్ల సంగతి నాకు తెలీదు.

తెల్లారుతుంటే రిపోర్టు మీద సంతకం చేశాను
నీలి సిరాతో.
సిరాలోనూ ఏదో లోహముంటుంది.
అదెంతో ఎవరూ అడగలేదు.