ఎడమ తెప్ప, మూడో గది

కొనడానికొచ్చిన మనిషి బూట్లు ఇంకా తడవలేదు.
విరిగినపన్ను సరస్సు ఒడ్డున, మా చెక్కరేవు మీద నిలబడి
"దీని చరిత్ర చూపించు" అన్నాడు.
పడమటి తీరానికి తీసుకెళ్తాడట,
టూరిస్టులకి తిమింగలాలు చూపించడానికి.

ఏడు లాగ్‌బుక్కులు తెచ్చి చేతుల్లో పెట్టాను.
మొదటిదాని అట్టకి కిరసనాయిలు వాసన.
నాలుగోదాన్ని ఎలక సగం చదివింది.

అన్నీ ఉన్నాయందులో.
యాభై మూడులో పుట్టుక,
ఇరవై రెండు వేల గంటల గాలి,
మూడుసార్లు మారిన రెక్కలు, పదహారుసార్లు మారిన ఇంజను,
ఒక చలికాలమంతా మంచు కింద మునిగి
వసంతానికి బయటపడ్డ తోక.
మొదట్నించీ ఉన్నది, మెకానిక్ లెహ్తోలా లెక్కలో,
నంబరు చెక్కిన రేకుముక్క ఒక్కటే.
దాన్ని పట్టుకునే మిగతాదంతా
ఇదే బీవర్ అని పిలిపించుకుంటోంది.

"ఏం చేయగలదు?" అన్నాడు.

నాలుగువందల యాభై గుర్రాలు, తొమ్మిది సిలిండర్లు,
అవి పుస్తకంలో ఉన్నాయి, చదువుకోమన్నాను.
వేగం అడగొద్దన్నాను.
ఎదురుగాలి రోజున కింద కారిబూల మంద
మమ్మల్ని దాటిపోయిందని ప్రమాణం చేయగలను.
తలుపు వెడల్పు మాత్రం చెప్పాను:
డ్రమ్ముని పడుకోబెట్టి దొర్లిస్తే
గీత పడకుండా లోపలికి పోతుంది.
ఆ తలుపు కొలత గీసినవాడు
ఏనాడో ఒకనాడు డ్రమ్ములు మోసే ఉంటాడు.
గాల్లో ఉండగానే, పక్కసీటు కాళ్లదగ్గర మూత తిప్పి
పసిబిడ్డకి ఉగ్గు పోసినట్టు
ఇంజనుకి నూనె పోయొచ్చు.
నూనె కారుతోందంటే కులాసాగా ఉందని.
కారడం మానితేనే భయం. అప్పటికే ఖాళీ.

చిన్న సరస్సుల్లో ముందు ఒక తెప్పని ఎత్తాలి, తర్వాత రెండోది,
బురదలోంచి మనిషి ఒక్కో కాలూ పీక్కున్నట్టు.

చలికాలం తెప్పలు విప్పి స్కీలు తొడుగుతాం.
మైనస్ నలభైలో, సాయంత్రం ఇంజను ఆపగానే
వేడి నూనె డబ్బాలోకి దించుకుని
ఇంట్లోకి మోసుకొచ్చి పొయ్యి పక్కన పెడతాం.
మా అమ్మ జిపోరా ఆ డబ్బాకే ముందు చోటిచ్చేది,
తర్వాతే నా తడి మేజోళ్లకి.
తెల్లారి దాని ముక్కుకి గుడారం కప్పి, కింద సెగ పెట్టి
లెహ్తోలా ఫిన్నిష్‌లో ఏదో గొణిగేవాడు.
బతిమాలడమో తిట్టడమో మాకెవరికీ తెలీదు.
దానికి తెలుసు.
దగ్గేది, నీలంపొగ కక్కేది, మళ్లీ దగ్గి
ముసలాయన మంచం దిగినట్టు
సణుక్కుంటూ అందుకునేది.

పుస్తకంలో "సరుకు" అని రాసినచోట
నేను చూసినవి వేరు.
బడి బల్లలు. కోడిగుడ్ల అట్టలు.
తెప్ప కమ్మీలకి కట్టిన పడవ.
ఒక పియానో, కాళ్లు విడిగా.
ఎజ్రా శవపేటిక. పొడుగు మనిషి,
తలుపు పడక వెనకసీటు పీకేశాం.
విమానమంటే భయం అతనికి, బతికుండగా ఎక్కలేదు.

జులై పద్నాలుగు, డెబ్బై తొమ్మిది.
ఎక్కినవారు ముగ్గురు అని రాసుంది.
దిగినవారెందరో రాయడానికి గడి లేదు.
ఆస్పత్రి దాకా ఆగలేకపోయింది జిపోరా.
ఆ నాలుగో మనిషిని నేనే.
పుట్టినచోటు అన్నదగ్గర కాయితాల్లో ఊరి పేరుంది గానీ
అది నిజానికి రెండువేల అడుగుల ఎత్తు,
సన్నటి వాన, పక్కగాలి.
విమానం రెక్క మీది అక్షరాలే
పిల్లకి పేరు పెట్టమన్నాడట లెహ్తోలా.
అమ్మ ఒప్పుకోలేదు, నా అదృష్టం.

ఇదేదీ ఆ మనిషికి చెప్పలేదు.
చెక్కు మీద తేదీ వేస్తూ అడిగాడు:
"లోపాలేమైనా?"

ఎడమ తెప్ప, మూడో గది, అన్నాను.
ఎన్నిసార్లు అతికినా ఎక్కడ కారుతుందో దొరకదు.
రోజూ పొద్దున్నే, కాఫీకంటే ముందు,
చేతిపంపుతో ముప్పై ఎనిమిదిసార్లు తోడాలి.
ముప్పై ఆరుకే ఖాళీ చప్పుడొస్తుంది.
నమ్మొద్దు.
ఇంకో రెండు.