మూడో నంబరు గుంట

రాతి దిమ్మె మీద నీళ్లు చల్లి
పగుళ్లు వెతకడం నా పని.
పైతడి గబగబా ఆరిపోతుంది,
పగులున్న చోట వెంట్రుకంత గీత
ఆలస్యంగా ఆరుతుంది.
ఆ ఆలస్యానికే నాకు జీతం.

చీమకుర్తిలో ఏడేళ్లు, ఆపైన నమీబియాలో నాలుగు.
అక్కడి రాయి వేరు, పగులు మాత్రం ఇదే.
నెలకోసారి, శనివారం రాత్రి
షికోంగో ట్రక్కెక్కి ఎటోషా పోయేవాళ్లం.
నా ఒళ్లో పాత లెన్సు,
లోపల ఒక మూల బూజు పట్టింది,
అందుకే నా జేబుకు అందింది.

మొదట్లో జంతువుల వెంటపడేవాణ్ని.
ఆర్నెల్లు దొరికినవన్నీ వీపులే.
జీబ్రా వీపు, జిరాఫీ వీపు,
తెల్లటి దుమ్ములో దూరమవుతున్న ఒక తోక కుచ్చు.
తర్వాత్తర్వాత నీళ్ల దగ్గర కూర్చోవడం తెలిసింది.
దాహమున్నది ఎప్పటికైనా రావాల్సిందే.

ఒక మధ్యాహ్నం ఆడ ఏనుగు వచ్చింది
ఉప్పుమట్టి పూసుకుని, సున్నం కొట్టిన గోడలా.
నీళ్లు తాగి, తొండం దించి, నావైపు తిరిగి నిలబడింది,
రెప్పవెంట్రుకలు లెక్కపెట్టేంత దగ్గర.
వేలు కెమెరా మీదే ఉంది.
నొక్కలేదు.

టోపీ మొహాన కప్పుకుని నిద్రపోతున్న షికోంగో
లేచి, "ఏమైనా వచ్చిందా?" అన్నాడు.
"ఏం రాలేదు" అన్నాను.
ఎదురుగా పళ్లేలంత అడుగులు, ఇంకా తడితడిగా.
అతను వాటిని చూశాడు, నన్ను చూశాడు,
టైర్లో గాలి చూడటానికి దిగాడు.

*

తిరిగొచ్చాక ఒంగోల్లో ఫొటోలు పెద్దవి వేయించాను.
పందెపు ఎడ్లు పెంచే గంగిరెడ్డి
వైల్డ్‌బీస్ట్‌ని చేతికందినంత దూరాన పట్టుకుని
"మూపురం చాల్లేదు, గంగడోలు అసలే లేదు,
గడ్డం మాత్రం పెంచింది.
ముందు చూస్తే గొడ్డు, వెనక చూస్తే గాడిద.
దీని కోసమా అబ్బాయ్, అంత దూరం పొయ్యింది?"

కోపం రాలేదు.
కొలత తెలిసినవాడి చూపు అది.

*

మూడో నంబరు గుంటలో పనాగి ఆరేళ్లు.
అడుగున పచ్చటి వాననీళ్లు,
గోడల నిండా డ్రిల్లు చారలు.
"పొద్దుగూకితే బూ... అంటది, మనిషో ఏందో"
అని కాపలా మాలకొండయ్య చెప్పాడు.
పోయి నీళ్ల దగ్గర కూర్చున్నా,
తెలిసిన విద్య అదొక్కటే.
పందొమ్మిది సాయంత్రాలు.
దోమలు, లారీల హారన్లు,
ఎవరి పెళ్లిదో మైకు.

ఇరవయ్యో రోజు, తూర్పు అంచున,
గెలాక్సీ రాతిలో మెరిసే రాగిచుక్కల్లో
రెండు చుక్కలు రెప్ప వేశాయి.

కొండ గుడ్లగూబ.
దాని పొట్ట కింద, డ్రిల్లు పొడి మీద, మూడు తెల్లటి గుడ్లు.
మేం మందు పెట్టి పేల్చిన అంచే దానికి గడప.

"ఈడ గుంట కన్నా ముందు కొండుండేది గదా"
మాలకొండయ్య బీడీ ఆర్పుతూ అన్నాడు,
"దీని తాతలు అప్పట్నుంచీ ఈడే ఉండుంటారు.
ఇల్లు తలకిందులైంది గానీ ఊరు మారలే."

ఈసారి నొక్కాను. ఒక్కసారే.
ఆ చప్పుడుకి అది తల తిప్పి
నన్నొక దిమ్మెను చూసినట్టు చూసింది,
పైనించి కిందికి, తొందర లేకుండా.

*

మొన్న కంపెనీవాళ్లు గుంట మళ్లీ తెరుస్తామన్నారు.
తూర్పు బెంచి చూసి రమ్మని నన్నే దింపారు.
నీళ్లు చల్లాను.
మొత్తం ఒకేసారి ఆరింది,
నల్లగా, నున్నగా, ఎక్కడా గీత లేకుండా.
ఇంత మంచి రాయి ఈ మధ్య చూళ్లేదు.

జేబులోంచి ఎర్రసుద్ద తీసి
ఈ కొస నుంచి ఆ కొసకి
వంకరటింకరగా ఒక గీత గీశాను.

"రాయెట్టుంది?" పైనుంచి మేనేజరు కేక.

చేతికంటిన ఎర్రపొడి ప్యాంటుకి తుడుచుకుంటూ
"పగులుంది సార్" అన్నాను.

మరీ అబద్ధమేం కాదు.
గుడ్లు పగలడానికి ఇంకా పదిరోజులుంది.