కొస చల్లన

"చెయ్యి పెట్టి చూడమ్మాయ్" అన్నాడు జమాల్ సాయిబు
ఆకివీడులో వైండింగ్ షాపుకి నేనొచ్చిన మూడో రోజు.
బెంచీ మీద రెండు హెచ్‌పీ మోటారు తిరుగుతోంది,
ఒళ్లంతా ఇనప రెక్కలు, దువ్వెన పళ్ల వరస.
మొదట్లో వేలు పెట్టానా, చుర్రుమంది.
కొసన పెట్టాను, గోరువెచ్చన.
అంగుళం దూరం. అంతే.
"ఆ మధ్యలో వేడెక్కడికి పోయింది?"

గాలి పట్టుకుపోయిందన్నాను.
"ఊరికే పట్టుకుపోదు. దానికంటే ఇది కాగి ఉండాలి.
ఇద్దరి మధ్యా తేడా ఎంతో, బేరం అంత.
మే నెల మధ్యాహ్నం గాలే కాగిపోయి ఉంటది,
ఇంకేం పుచ్చుకుంటది?"

మరి రెక్క ఇంకో జానెడు పొడుగు పెడితే?
బీడీ ఆర్పి నవ్వాడు.
"శివారు పొలం చూశావా?
లాకు దగ్గర ఎంత వదిలినా
దారిలో తూములన్నీ తాగేశాక దానికి తడే మిగులుద్ది.
ఆపైన కాలవ పొడిగిస్తే మట్టి తవ్విన కూలి దండగ."
పోనీ, ఒత్తుగా పెడితే?
"ఊడ్చేటప్పుడు కాలిబాటలు ఎందుకు తీస్తారు?
గాలాడని చేలో దోమ పడుద్ది."

ఆయన చెప్పే చదువంతా ఇంతే,
చేను మీదుగా ఇనుములోకి.

జ్యేష్ఠంలో ఒక రాత్రి
ఉప్పుటేరు పక్క చెరువు నుంచి ఏసుపాదం ఫోను.
"రొయ్య పైకి తేలతందమ్మా, సుభాషిణమ్మా,
ఒక మోటారు ఆగిపోయింది, రెండోది మూలుగుతోంది."
మోపెడ్ మీద వెళ్లాను.
గట్టు మీద కొబ్బరాకు కదలడం లేదు.
చెమట పుడుతోంది గానీ ఆరడం లేదు,
ఆ పూట నా ఒళ్లూ ఒక మోటారే.
మీటరులో మూడొందల నలభై.
మేత తగ్గింది, బరువు తగ్గలేదు,
ఎద్దు మాత్రం అంతా లాగాలి.

టార్చి వేశాను.
మొదటి మోటారుకి గళ్ల దుప్పటి చుట్టి ఉంది.
మాడిన వార్నిష్ వాసన. అది అయిపోయింది.
రెండోదానికి యూరియా సంచి, పురికొసతో మూడు చుట్లు,
వెనక ఫ్యాను నోరు కూడా మూసుకుపోయి.
"సాయంత్రం మబ్బేసింది కదమ్మా, తడుస్తాయని..."

విప్పేముందు సంచి కిందికి చెయ్యి దూర్చాను.
మొదలు కాలింది.
కొస కూడా కాలింది.
తేడా లేదు.
సాయిబు చెప్పని పాఠం అది.
కొస చల్లగా ఉందంటే ఇస్తోందని,
అంతా ఒకేలా కాగుతోందంటే
పుచ్చుకునేవాడు లేడని.

సంచి తీశాం. సందుల్లో ఎండిన బురద,
ఒక మూల కందిరీగ గూడు.
కొబ్బరి ఈనెతో గీకాను, వేలి గోరుతో గీకాను.
ఏసుపాదం మేత పళ్లెం తీసుకుని విసరడం మొదలెట్టాడు
జ్వరం పడ్డ పిల్లకి విసిరినట్టు.
వెంటనే ఏమీ కాలేదు.
ఇనుముది మొండి చెవి.
బయట గాలొచ్చిన కబురు
కొస ముందు విన్నది. పావుగంటకి నడుము.
మొదలు తెల్లారగట్ల దాకా నమ్మలేదు.

నాలుగున్నరకి కొబ్బరాకు ఒకటి కదిలింది.
రొయ్య కిందికి దిగింది.
చచ్చింది బకెట్టున్నర.

ఏసుపాదం దుప్పటి దులిపి వెలుగులోకి పట్టాడు.
గోధుమరంగు చారలు, రెక్కకొక గీత.
"మా ఆడది అడుగుద్ది" అన్నాడు.
చెరువు ఆసామి మాట ఎత్తలేదు.
నేనూ ఎత్తలేదు.

మా షాపు బిల్లులో ఒక గడి ఉంటుంది,
కాలిన కారణం అని.
లో వోల్టేజీ అని రాశాను.
అబద్ధం కాదు.
సగం.