ఉల్లిపొట్టు

మార్చి మొదటి వారంలోనే మిసెస్ ఎంట్విజిల్ చీటీ పంపింది:
ఇంట్లో ఉల్లిపొట్టు పారేయకండి, బడికి పంపండి.
ఒకటో తరగతి తల్లులు పంపారు,
శాండ్‌విచ్ సంచిలో గుప్పెడు, కవరులో చిటికెడు.
నేను మాత్రం
తలగడ గలీబు నిండా కుక్కుకుని బస్సెక్కాను.
పులుసుకీ పెసరట్టుకీ ఆదివారం కూరకీ తరిగిన
మూడు వారాల మా వంటిల్లు
నా ఒళ్లో గలగలమంటూ కూర్చుంది.
పక్క సీటు ముసలాయన గట్టిగా ఒకసారి పీల్చి
కిటికీ వైపు తిరిగిపోయాడు.

ఉల్లి చేసిన మేలు తల్లి చేయదంటారు.
పొట్టు సంగతి ఎవరూ చెప్పలేదు.

ప్రెస్టన్‌లో ఏప్రిల్ అంటే
పొద్దున వాన, పదింటికి ఎండ, పదిన్నరకి మళ్లీ వాన.
తరగతి అద్దాల నిండా పిల్లలు అంటించిన డాఫొడిల్ పూలు,
కప్‌కేక్ కాగితాలు, పసుపు రంగు, కావలసినదానికి నాలుగింతల జిగురు.
బయట అసలు పూలు గాలికి ఒంగి
తమ బొమ్మలు చూసి
తలలు అడ్డంగా ఊపుతున్నాయి.

ముందు తడిగుడ్డ పరచాలి.
దాని మీద పొట్టు,
పొట్టు మీద పచ్చికలో దొరికిన ఏదో ఒక ఆకు,
ఆకు మీద గుడ్డు.
చుట్టేసి దారంతో కట్టాలి.
ఆరేళ్లవాళ్లకి ముడి వేయడం రాదు.
ముప్పై ముడులూ నేనే వేశాను.
మిస్ వాకీ, నాది! మిస్ వాకీ, నాది జారిపోయింది!
(వకుళలో 'ళ' దగ్గర వాళ్ల నాలుకలు
సెప్టెంబర్‌లోనే చేతులెత్తేశాయి.)

బడి వంటగదిలో పెద్ద గిన్నె.
పది నిమిషాలు, గడియారం చూసి.

దారాలు కత్తిరించగానే గదంతా ఒక్క క్షణం నిశ్శబ్దం.
ఇటుక రంగు, బెల్లప్పాకం రంగు,
తుప్పు పట్టిన గేటు రంగు.
జైనబ్ గుడ్డు మీద మూడాకుల గడ్డి తెల్లగా దిగింది,
నరాలతో సహా.
ఈడీ గుడ్డు మీద ఆకు దిగలేదు, వట్టి మరక.
అది మేఘం అని ఈడీ తీర్మానించింది.
ఎవరూ కాదనలేదు.

ఈ ఊళ్లో ఈస్టర్‌కి గుడ్లు దొర్లించడం తాతల నాటి వేడుక.
బడి వెనక పచ్చిక వాలు మీంచి
ఇరవై తొమ్మిది గుడ్లు దొర్లాయి,
ఎగిరాయి, పగిలాయి, ఒకటి కాలవలో పడింది,
దానికే మొదటి బహుమతి ఇవ్వాలని గొడవ.

విల్ఫ్ దొర్లించలేదు.
రెండు దోసిళ్లలో గుడ్డు మూసుకుని
వాలు పైనే కూర్చున్నాడు.
చలేస్తోందా అన్నాను. కాదన్నాడు.
పగులుతుందని భయమా అన్నాను.
నావైపు జాలిగా చూశాడు.

తర్వాత రెండు వారాల సెలవులు.

తిరిగొచ్చిన సోమవారం తలుపు తీయగానే వాసన.
చెత్తబుట్ట చూశాం, సింకు కింద చూశాం,
మిసెస్ ఎంట్విజిల్ అయితే గోడలో ఎలుక చచ్చిందని
ఆఫీసుకి ఫోన్ కూడా చేసింది.
చివరికి కొక్కేనికి వేలాడుతున్న నీలం కోటు,
దాని జేబులో ఊలు టోపీ,
టోపీలో ఒక మేజోడు,
మేజోట్లో బెల్లప్పాకం రంగు.

మర్చిపోయాడనుకున్నాను.
కొక్కెం మీది పేరు చీటీ చూశాను.
సెలవులిచ్చిన రోజే మార్చుకున్నాడు,
రేడియేటర్ పక్కది అడిగి తీసుకున్నాడు.

అందరికన్నా ముందు పరుగెత్తుకొచ్చాడు,
ఒంటి మీద అన్నయ్య కోటు, మోకాళ్ల దాకా.
వచ్చిందా? అన్నాడు.

పది నిమిషాలు. గడియారం చూసి.
నేనే.

ముందు వరస పిల్లలు ముక్కులు మూసుకుంటున్నారు.
నా చేతిలో మేజోడు.
ఇంగ్లీషులోనూ తెలుగులోనూ వెతికాను,
ఒక్క మాటా దొరకలేదు.
వాడే మడమలెత్తి లోపలికి తొంగిచూశాడు,
చాలాసేపు,
వాసన తనకి పట్టనట్టు.
తర్వాత వెనక్కి తిరిగి
నోటి మీద వేలు పెట్టి అందరికీ చెప్పాడు:
ఇంకా పడుకునే ఉంది.

నేను కిటికీలు తెరవడానికి లేచాను,
ఒక్కొక్క గడియా
చప్పుడు కాకుండా తీస్తూ.