డాష్‌బోర్డు వెనక

స్విఫ్ట్ కరెంట్ దాటాక మైనస్ ఇరవై ఏడు.
డాష్‌బోర్డు లోంచి గాలి
చల్లారిన టీ మీద ఎవరో ఊదినట్టు వస్తోంది.
ఓర్విల్ ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని
ఇంకో చేత్తో అద్దం మీది మంచు గీరుతూ
"ఇంజనేమో వెనకెక్కడో, మనమేమో ముందు.
ముప్పై ఆరడుగుల గొట్టం నడిచొచ్చేసరికి
వేణ్ణీళ్ళకి మాత్రం ముసలితనం రాదూ?" అంటాడు.
అతని మోకాళ్ళ మీద నా కోటు.

షెడ్డులో డెల్మా బండి కింద పడుకుని
గొట్టం పొడుగునా స్పాంజి తొడిగింది.
సగమే తెరుచుకునే వాల్వు మార్చింది.
లోపల ఇరుక్కున్న గాలిబుడగని బుస్సున వదిలించింది.
ఆపైన డాష్‌బోర్డులోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి
"ఇదిగో మీ దొంగ" అంది.

ఎలుక గూడు.
బయటిగాలి మూత మూసుకోకుండా అడ్డం పడి ఉంది.
అందులో ఓట్స్ పొట్టు,
ఆల్బర్టా పటంలో ఒక మూల,
నా ఆకుపచ్చ శాలువా పోగులు.
నవంబరంతా ఆ శాలువా గురించే
ఓర్విల్‌ని ఆడిపోసుకున్నాను.
గూడు ఇంకా వెచ్చగానే ఉంది.

సీట్ల వెనక దళసరి దుప్పటి తెరలా కట్టాం.
మంచం, పొయ్యి, పళ్ళేలు అన్నీ అవతల చలిలో.
ఇవతల అగ్గిపెట్టెంత గదిలో మేమిద్దరం.
నలభై కిలోమీటర్లు పోయాక
ఓర్విల్ బూట్లు విప్పాడు, డిసెంబరులో మొదటిసారి.
శాలువా మాట నేనెత్తలేదు.
అతనూ ఎత్తలేదు, అదే కొంచెం గుచ్చుకుంది.

గూడుని కాఫీ డబ్బాలో పెట్టి
డెల్మా పొయ్యి పక్కన వదిలొచ్చాం.
ఎలుక మాత్రం దొరకలేదు.

తెర వెనక, చెంచాల సొరుగులో
ఏదో గీరుతోంది.