మోరీ

గంటెల అంజిలయ్య సారు
అయిదేండ్లు ఎమ్మెల్యే.
మల్ల నిలవడి ఓడిండు,
మూడొందల పన్నెండు ఓట్లతోని.
ఆ లెక్క నాకెందుకు యాదికున్నదంటే
కౌంటింగు కాడికెంచి ఇల్లు చేరేదాంక
బండ్ల ఆయన నోట్లెకెంచి వచ్చిన మాట అదొక్కటే.

నేను ఖాజాను. డ్రైవర్ను.
తెల్ల అంబాసిడర్ నడిపినోన్ని.
పట్నంల అసెంబ్లీ గేటుకాడ జవాను సెల్యూట్ గొడితే
సగం నాకు గూడ తగిలేది.

లోపట ఆయన ఏం జేసెటోడో నేను జూడలె.
ఒక్కసారి అచ్చుపుస్తకం ఇంటికొచ్చింది.
అండ్ల మా సారు మాట్లాడింది పేజీంబావు.
కండ్లద్దాలు దొరకలేదని నాతోని సదివిచ్చిండు:
"అధ్యక్షా, మా నక్కలోనిగడ్డ వాగు మీద మోరీ లేక
వానకాలమంత బడిపిల్లలు ఇంటికాన్నే..."
అక్కడ బ్రాకెట్ల 'అంతరాయం' అని ఉండె.
కింద మంత్రి జవాబు:
పరిశీలనలో ఉన్నది.
ఆ ముక్క రెండుసార్లు సదివిచ్చుకున్నడు.
పప్పన్నంల రాయి తగిలినట్టు ముఖం వెట్టిండు.

ఓడినంక ఏడేండ్లు
వాకిట్ల కుర్చీలు తగ్గుకుంట వచ్చినయి.
ఆఖరికి రెండు మిగిలినయి. ఒకటి నాది.

ఆ ఏడాది జడ్పీటీసీకి నామినేషన్ ఏస్తుంటే
చాయ్ హోటల్‌కాడ అన్నరు:
"ఓడలు బండ్లైతయ్ గదా."
మా పాలమూరు దిక్కు ఓడ యాడ జూసినం బిడ్డా?
మాకు మొదటి సంది బండే.

గెల్శిండు.
జడ్పీ హాల్ల పంకకు ఒక రెక్క తక్కువ.
ఏఈ సెలవు, డీఈ క్యాంపు,
సమోసా ఒక్కటే టైముకొచ్చేది.
ఎవరన్న మైకుల "మాజీ ఎమ్మెల్యే గారు" అంటె
"మాజీ అనకుర్రి, తాజాగ పిలువుర్రి" అనెటోడు.
నవ్వెటోళ్లు. ఆయన నవ్వకపోయేది.
పొద్దుగాలనే ఎవరో ఒకరు ఇంటిముంగట:
బోరు కాలింది, బడి పెంకులు లేశినయి,
మా గల్లీల లైటు పగలు వెలుగుతది, రాత్రి వెలగది.
జీపుల డీజిలు ఆయన జేబుదే.

ఓనాడు టపాల్ల ఒక కవరొచ్చింది.
లోపట పసుపువడ్డ కాగితం,
మీద మూడు సింహాలు, ఆకుపచ్చ సిరా.
నక్కలోనిగడ్డ మోరీ వెంటనే మంజూరు చేయగలరు, ఇట్లు,
గంటెల అంజిలయ్య, శాసనసభ్యులు.
సంతకం సుట్టూ స్టాంపులు:
సచివాలయం, చీఫ్ ఇంజనీరు, కలెక్టరాఫీసు,
మల్ల సచివాలయం, మల్ల కలెక్టరాఫీసు.
పదకొండేండ్లు తిరిగి తిరిగి
చివరికి ఎర్రసిరా ముక్క:
తగు చర్య నిమిత్తం
స్థానిక జడ్పీటీసీ సభ్యులకు పంపడమైనది.

సారు దాన్ని దూరం వట్టి జూసిండు.
"ఎవడ్రా ఖాజా ఈయన,
గింత పొడుగు సంతకం?"
అద్దంల ఆయన ముఖం నాకు సరిగ కనవడలె.

మోరీ ఎట్ల అయ్యిందో చెప్తె కత గాదు.
రెండు లక్షలు జడ్పీవి.
తక్కువైన ఎనభై వేలకు
చెల్కల తుమ్మలు గొట్టి అమ్మిండో, అప్పు దెచ్చిండో, నన్ను అడగొద్దు.
మూడు సిమెంటు తూములొచ్చినయి.
ఒకదానిమీద కూసోని
దినమంత బస్తాలు లెక్కవెట్టిండు,
కంట్రాక్టరు ఆయనను తిట్టుకుంట కలిపిండు.
శిలాఫలకం మీద ఇప్పటి ఎమ్మెల్యే పేరు బెత్తెడంత.
మా సారుది అడుగున,
'అంజిలయ్య'ల వొక అక్షరం తప్పు.
దిద్దిస్తనంటే "ఉండనీ" అన్నడు.

మొదటి వాన.
నడిమి తూముకు సర్కారుకంప అడ్డంవడి
నీళ్లు మోరీ మీదికెక్కినయి.
సారు పాయింటు మడిశి దిగి గుంజుతుండు,
నేను ఒడ్డుకెంచి గొడుగు వట్టిన, ఏం ఫాయిద.
ఎనుకకెంచి సైకిల్ గంట.
తొమ్మిదో పదో సదివే పిల్ల,
నెత్తిమీద యూరియా సంచి కొప్పెర.
"తాతా, జర జరుగు, టైమైతుంది."

జరిగిండు.
కంప ఇంకా చేతులనే ఉండె.